అంటు

"టీచర్, ముందుగాల చేతులు."

అమ్మ గది గడప దాటబోతుంటే ఆయమ్మ నన్ను ఆపిన మాట అది. మొదటి రోజు మనసు చివుక్కుమంది. కన్నతల్లిని ముట్టుకోవడానికి కూతురు ఒకరి అనుమతి అడగాలా అనిపించింది. వాష్‌బేసిన్ దగ్గర నిలబడి చేతులు చూసుకున్నాక ఆ ఉక్రోషం తగ్గింది. సంగారెడ్డి కొత్త బస్టాండులో బస్సెక్కి కడ్డీ పట్టుకున్న చేతులు. ఆధార్ చూపించి జీరో టికెట్ అందుకున్న చేతులు. ఇస్నాపూర్ చౌరస్తాలో బండి మీద జామకాయలు నొక్కి నొక్కి ఏరిన చేతులు. దారిలో ఫోను ఎన్నిసార్లు తీశానో, ముక్కు ఎన్నిసార్లు తుడుచుకున్నానో గుర్తే లేదు. వాటితోనే తిన్నగా పోయి అమ్మ పెదాల పక్కన కారిన చొంగ తుడిచేదాన్ని.

అమ్మకు 84 ఏళ్ళు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి మూడేళ్ళయింది. రెండేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాను. నా నడుము, మోకాళ్ళు ఇక ఎత్తలేమన్నాక వృద్ధుల హోంలో చేర్పించాను. ఈ ముక్క రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇంతకంటే చెప్పలేను.

ముంబై హైవే నుంచి లోపలికి మళ్ళితే, ఫ్యాక్టరీల ప్రహరీగోడలు దాటాక వచ్చే ఒక కాలనీలో పెద్ద ఇంటిని హోంగా మార్చారు. 22 మంచాలు. అందులో 11 మంది తమంతట తాము పక్కకు ఒత్తిగిలలేరు. అన్నం ఒకరు తినిపించాలి, డైపరు ఒకరు మార్చాలి, నీళ్ళు ఒకరు పోయాలి, నోరు ఒకరు తుడవాలి. ఒక్క మనిషి ఒంటి మీద రోజుకు ఎన్ని చేతులు పడతాయో ఒక పగలంతా కూర్చుని చూస్తే తప్ప తెలియదు. ఆ చేతులే అక్కడ వైద్యం, ఆ చేతులే అన్నం. జబ్బును ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మోసుకుపోయే దారి కూడా ఆ చేతులే.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం నాకు 'అంటు' అన్న మాట మీదికి ధ్యాస మళ్ళింది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు తెలుగూ లెక్కలూ చెప్పాను గానీ, ఆ మాట ఇన్ని దిక్కులకు పోతుందని ఎప్పుడూ ఆగి చూడలేదు. అంటుకోవడం అంటే తగలడం, అతుక్కోవడం. నిప్పు అంటుకుంటుంది. దీపం అంటిస్తాం. మామిడికి అంటు కడతాం, ఒక చెట్టు కొమ్మ ఇంకో చెట్టు మొదలుకు అతికి, కాయ కాస్తుంది. పండగ పూట తలంటు పోసుకుంటాం. తిని వదిలిన గిన్నెలు అంట్లు. మా దిక్కు బాసాన్లు అంటాం గానీ పుస్తకాల్లో అంట్లే. జబ్బు పాకితే అంటువ్యాధి. మనిషిని వెలివేస్తే అంటరానివాడు. పట్టనట్టు ఉంటే అంటీముట్టనట్టు ఉన్నాడంటాం, రాత్రనక పగలనక దగ్గరుండి చూసుకుంటే అంటిపెట్టుకుని ఉందంటాం. ప్రేమకూ జబ్బుకూ వెలికీ మన భాషలో ఒకటే వేరు. హోంలో ఆయమ్మ చేసే పనిలో ఇవన్నీ ఒక్క చోట కలుస్తాయి.

మా అమ్మమ్మ ఊరు నక్కవాగు ఒడ్డున. ఆమె ఇంట్లో అంటుముట్టు పట్టింపు చాలా ఉండేది. చావుకు పోయి వచ్చినవాళ్ళు బాయి కాడ నీళ్ళు పోసుకుని గానీ లోపలికి రాకూడదు. నెలసరి మూడు రోజులు వెనక పంచలోనే. పిల్లలకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్ళను రానిచ్చేది కాదు. ఆ వేపమండలు మేలు చేశాయనే నా నమ్మకం. ఎవరూ లోపలికి రావద్దని ఊరికి తెలియజెప్పే గుర్తు అది. కానీ అదే అమ్మమ్మ, నాట్లకు వచ్చిన ఆడవాళ్ళు దాహమంటే దూరంగా దోసిలి పట్టమని చెంబెత్తి పైనుంచి పోసేది. వాళ్ళు వాగులో కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చినా అంతే. ఎంత కడిగినా పోని మైల అని ఒకటి ఆ ఊళ్ళో ఉండేది. అది మనుషులకు పుట్టుకతోనే పెట్టింది.

ఆ పట్టింపులన్నీ అడిగేది ఒకటే: ముట్టుకున్నది ఎవరు? హోంలో గోడ మీద అంటించిన కాగితం అడిగేది వేరు: ఈ చెయ్యి ఇంతకుముందు దేన్ని ముట్టుకుంది? ఆ కాగితంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు సందర్భాలు బొమ్మలతో ఉన్నాయి. మనిషిని ముట్టుకునే ముందు. పైపు, కట్టు లాంటి శుభ్రమైన పని చేసే ముందు. మలమూత్రాలు, రక్తం, ఉమ్ము తగిలాక. మనిషిని ముట్టుకున్నాక. ఆ మనిషి మంచం, బల్ల, దుప్పటి ముట్టుకున్నాక. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతికి రాసుకునే హ్యాండ్‌రబ్‌తో అయితే 20 నుంచి 30. డాక్టరుకైనా, ఆయమ్మకైనా, సంగారెడ్డి నుంచి వచ్చిన కూతురికైనా అదే లెక్క.

అయిదింట్లో మూడు 'తర్వాత', రెండు 'ముందు'. నెలల తరబడి చూశాక నాకు అర్థమైందేమిటంటే, ఆ మూడూ మనకు ఎవరూ చెప్పకుండానే వస్తాయి. డైపరు మార్చాక చెయ్యి కడుక్కోని ఆయమ్మను నేను చూడలేదు. అసహ్యమే ఆ పని చేయిస్తుంది. కష్టమల్లా 'ముందు' తోనే. చెయ్యి చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, అవతల మనిషి పిలుస్తూ ఉంటుంది, ఇప్పుడెందుకు కడగడం? తర్వాత కడుక్కునేది మన కోసం. ముందు కడుక్కునేది అవతలివాళ్ళ కోసం. మన ఇళ్ళలో ముందు కడుక్కోవడం లేక కాదు, ఉంది: మడి కట్టుకుని వంట చేసేవాళ్ళు, కాళ్ళు కడుక్కుని గుడి మెట్లెక్కేవాళ్ళు దేవుడి కోసం ముందే కడుక్కుంటారు. దేవుడికిచ్చిన ఆ 'ముందు'ను మంచం పట్టిన ముసలి మనిషికి ఇవ్వమని ఆ కాగితం అడుగుతోంది. పూజగదిలోకి పోయేటప్పుడు ఎవరూ గుర్తు చేయక్కర్లేని నాకు, అమ్మ గది ముందు ఇన్నిసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది.

అమ్మ చేరిన కొత్తలో ఆయమ్మ అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే, "మీరు ఏమోళ్ళు?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయమ్మ దాచకుండా చెప్పింది. "మా అవ్వ మీ ఊరికే నాట్లకొచ్చేటిదట" అని కూడా చెప్పింది. అమ్మ కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఆ పూట గిన్నె ఖాళీ అయింది. ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడు చలికాలంలో హోంలో గజ్జి లేచింది.

ముసలివాళ్ళు ఉండే చోట్ల గజ్జి మామూలుగా వచ్చేదే, కానీ ఆ మాట పలకడానికి అందరికీ నామోషీ. ముందు సబ్బు పడలేదన్నారు. తర్వాత చలికి ఒళ్ళు పగిలిందన్నారు. చర్మం లోపల సొరంగం తొలిచి గుడ్లు పెట్టే కంటికి కనిపించని పురుగు అది. మొదటిసారి సోకినవాళ్ళకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల వాళ్ళు ఎవరెవరిని లేపి కూర్చోబెట్టారో, ఎవరి చెయ్యి పట్టుకుని నడిపించారో, వాళ్ళందరికీ అది చేరిపోయి ఉంటుంది. దురద కనిపించినవాళ్ళకే మందు రాస్తే లాభం లేదు. చర్మం డాక్టరు వచ్చి చెప్పింది ఇదీ: హోంలో ఉన్నవాళ్ళందరూ, సిబ్బంది అందరూ, సిబ్బంది ఇళ్ళలోవాళ్ళు కూడా, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ సందుల్లో సహా, 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాసుకోవాలి. వారానికి మళ్ళీ ఒకసారి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో మూటకట్టి కొన్నాళ్ళు పక్కన పెట్టాలి, ఎందుకంటే మనిషి ఒంటి వెచ్చదనం లేకుండా ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఆ రాత్రి నేను సంగారెడ్డిలో మా ఇంట్లో ఒంటరిగా కూర్చుని క్రీము రాసుకున్నాను. నాకు దురద లేదు. కానీ అమ్మను వారానికి రెండుసార్లు కౌగిలించుకున్నదాన్ని.

తర్వాత తెలిసింది, ఇద్దరు ఆయమ్మలకు అప్పటికి నెల రోజులుగా దురద ఉంది. చెప్పలేదు. చెప్తే తగ్గేదాకా రావద్దంటారు, రాని రోజులకు జీతం ఉండదు. మోచేతుల మీద గీరుకుని పుండ్లు పడితే పూర్తి చేతుల జాకెట్టు తొడుక్కుని వచ్చారు. నాకు మొదట కోపం వచ్చింది. వాళ్ళ రోజుకూలిని నా పింఛనుతో పోల్చి చూసుకున్నాక ఆ కోపానికి చోటు మిగల్లేదు.

గజ్జి తగ్గాక హోంలో రిజిస్టరు పెట్టారు. చేతులు కడిగిన వేళ, సంతకం. ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకు నేను వెళ్ళేసరికి రాత్రి ఆయమ్మ బల్ల దగ్గర కూర్చుని, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారు అయిదు దాకా గడులన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపుతో నింపుతోంది. నన్ను చూసి ఆగింది. నేనేమీ అనలేదు. అక్కడే ఒక పాత కవరు వెనక లెక్క వేశాను. రాత్రి డ్యూటీ 12 గంటలు. పడక పుండ్లు పడకుండా 11 మందిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఆరుసార్లు, 11 మంది, 66. ఒకరి తర్వాత కడిగిన చెయ్యి ఇంకొకరి 'ముందు'కు కూడా సరిపోతుందనుకున్నా 66 సార్లు కడగాలి. 40 సెకన్ల చొప్పున 2,640 సెకన్లు. సరిగ్గా 44 నిమిషాలు. బేసిన్ ఉన్నది వరండా చివర. అంత దూరం 66 సార్లు పోయి రావాలి. ఇది ఒత్తిగిలించడం ఒక్కదానికే. డైపర్లు, మంచినీళ్ళు, భయపడి అరిచేవాళ్ళను ఓదార్చడం ఈ లెక్కలో లేవు. రాత్రిపూట ఆయమ్మ ఒక్కతే.

అదే 20 సెకన్ల హ్యాండ్‌రబ్ సీసా ప్రతి మంచానికీ తగిలిస్తే 22 నిమిషాలు, నడక లేదు. కంటికి మురికి కనిపించినప్పుడు మాత్రం సబ్బూ నీళ్ళూ తప్పవు. ఈ లెక్క నాకంటే ముందే జెనీవాలో వేశారు. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డిడియే పిట్టే అనే వైద్యుడు, ఆయన సహచరులు సిబ్బంది చేతులను కూర్చుని గమనించారు. 1994లో, కడగాల్సిన వంద సందర్భాల్లో 48 సార్లు మాత్రమే కడిగారు. పని ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ అంకె పడిపోయింది. నర్సుల కంటే డాక్టర్లే తక్కువ కడిగారు. మంచం దగ్గరే రబ్ సీసాలు పెట్టి, గోడల మీద బొమ్మలు వేసి, ఎంత మారిందో ఎప్పటికప్పుడు వాళ్ళకే చెప్తూ పోతే 1997 నాటికి అది 66 అయింది. అదే కాలంలో ఆసుపత్రిలో అంటుకునే జబ్బులు 16.9 శాతం నుంచి 9.9కి దిగాయి. జెనీవాలో, అంత డబ్బున్న ఊళ్ళో, అంత ప్రయత్నం చేస్తే 66. మా హోం రిజిస్టరులో మాత్రం రోజూ నూటికి నూరు.

ఆ రిజిస్టరు ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ప్రాంతంవాళ్ళకు చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి, ఎటు చూసినా మందుల కంపెనీలే. ఆడిట్ అన్న మాట ఇక్కడ కిరాణా కొట్లో కూడా వినిపిస్తుంది. రాయనిది జరగనట్టే, అది ఫార్మా కంపెనీల్లో మొదటి రోజు నేర్పే పాఠం. మా ఆయమ్మ భర్త గోళీలు తయారు చేసే కంపెనీలో ఆపరేటరు. తయారీ ఏరియాలోకి పోవాలంటే బట్టలు మార్చాలి, తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులు మోచేతి దాకా కడగాలి, అన్నీ లాగ్‌బుక్కులో ఎక్కాలి. ఒకనాడు మాటల మధ్య ఆయమ్మ అంది:

"ఆయనకు చేతులు కడుగుడు గూడ డ్యూటిల లెక్కనే టీచర్. నాకేమొ డ్యూటి ఆపి కడుగుడు."

నేను ఆ మాట ఇంటికి పోయి నోటుబుక్కులో రాసుకున్నాను. గోళీని ముట్టుకునే చేతికి కడుక్కునే వేళ కూడా జీతంలో భాగమే. మనిషిని ముట్టుకునే చేతికి ఆ వేళ ఎవరూ కొనివ్వలేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది పట్టేది, ప్రభుత్వం పెట్టవచ్చంటుంది. వాటిలో వైద్యసేవల ప్రమాణాలు నిర్ణయించే అధికారం కూడా రాష్ట్రానికి ఇచ్చింది. 2020 జనవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఆసుపత్రుల్లో జబ్బులు పాకకుండా చూసేందుకు జాతీయ మార్గదర్శకాలు అచ్చు వేసింది. కాగితం మీద కొరత లేదు. ఒక ఆయమ్మకు రాత్రిపూట ఎంతమంది అన్న ఒక్క అంకెను పట్టుకుంటే చాలావరకు దారికి వస్తుందని నా అనుభవం చెబుతోంది.

వేసవిలో అమ్మకు చలిజ్వరం వచ్చింది. మూత్రం పైపు పెట్టి అప్పటికి అయిదు వారాలు. పైపు ఉన్నవాళ్ళలో రోజుకు నూటికి మూడు నుంచి ఏడుగురి మూత్రంలోకి కొత్తగా క్రిములు చేరతాయని, నెల గడిచేసరికి దాదాపు అందరికీ చేరి ఉంటాయని డాక్టరు చెప్పారు. ఉన్నంతమాత్రాన మందు వేయకూడదు, జ్వరం లాంటి లక్షణం ఉంటేనే వేయాలి, అనవసరంగా వేసిన ప్రతి మందూ రేపటి మందును చంపుతుందన్నారు. పైపు అవసరం లేని రోజున తీసెయ్యడమే అన్నిటికంటే మంచి మందు అని కూడా అన్నారు. అమ్మకు జ్వరం ఉంది, మగత ఉంది. కల్చరు రిపోర్టు మూడో రోజు వచ్చింది. ఈ.కోలి. కింద మందుల పేర్ల వరస, ఒక్కోదాని ఎదురుగా ఒక అక్షరం. 'ఎస్' అంటే లొంగుతుంది, 'ఆర్' అంటే లొంగదు. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు దిద్దినదాన్ని, ఆ వరస కిందికి చూసుకుంటూ పోతుంటే ఆర్, ఆర్, ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ దగ్గర కూడా ఆర్.

సిప్రోఫ్లాక్సాసిన్ అన్న పేరు పటాన్‌చెరు చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళెవరూ మామూలుగా చదివి వదిలెయ్యలేరు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నీళ్ళను పరీక్షించి రాశారు. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగునీరు అక్కడికి చేరేది. శుద్ధి అయి బయటికొచ్చిన లీటరు నీటిలో ఆ మందు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. గోళీ మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఒక్క రోజులో సుమారు 45 కిలోలు పోతోందని, స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజులు వాడేంత అని వాళ్ళు లెక్కగట్టారు. ఆ నీళ్ళు ఇసకవాగులో, అక్కడి నుంచి నక్కవాగులో, అక్కడి నుంచి మంజీరలో కలిసేవి. 2011లో వాగు అడుగు మట్టిలో మందులకు లొంగకుండా చేసే జన్యువులు పోగుపడి ఉన్నాయని ఇంకో పరిశోధన చూపించింది. మందుల్లో మునిగి బతకడం నేర్చుకున్న క్రిములు అక్కడ పెరిగాయన్నమాట.

ప్రపంచానికి అది 2007లో తెలిసింది. ఒడ్డున ఉన్న ఊళ్ళకు అంతకు చాలా ముందే తెలుసు. మా మామయ్యలు వాగు నీళ్ళతో వరి పెట్టడం మానుకున్న ఏడు నాకు గుర్తుంది. నీళ్ళ రంగు కూడా గుర్తుంది. పటాన్‌చెరులో వైద్యం చేసిన అల్లాని కిషన్‌రావు గారు ఆ ఊళ్ళ పక్షాన దశాబ్దాల పాటు నిలబడ్డారు. 1990లో ఈ కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టు గడప తొక్కింది. తర్వాత శుద్ధి కేంద్రం నీళ్ళను పైపులైను వేసి హైదరాబాదులో అంబర్‌పేట వైపు మళ్ళించారు. మందుల కంపెనీల మురుగునీటిలో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా రాసింది. 2021లో నిబంధనలు ఖాయమైనప్పుడు ఆ హద్దులు అందులో లేవు.

అమ్మకు సోకిన క్రిమి ఆ వాగులోంచే వచ్చిందని నేననను. ఆసుపత్రి మంచం నుంచి రావచ్చు, పైపు మార్చిన చేతి నుంచి రావచ్చు, అమ్మే ఏళ్ళ తరబడి చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కుని మింగిన గోళీల వల్ల గట్టిపడి ఉండవచ్చు. కానీ ఈ నేల మీద ఉన్నవాళ్ళం మిగతావాళ్ళకంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. సూది వెనక నిలబడి ధైర్యంగా ఉండే రోజులు పోతున్నాయి. మందు ఓడిపోయిన చోట మిగిలేది సబ్బూ, నీళ్ళూ, నేలకు తగలకుండా తగిలించిన యూరిన్ బ్యాగూ. రోజుకు మూడు పూటలా సూదిమందుతో అమ్మ ఏడు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడింది. హోంలో పక్క గది పెద్దాయన బయటపడలేదు. ఆయనది కూడా అలాంటి రిపోర్టే.

పెద్దాయన పోయాక హోంలో కొన్నాళ్ళు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తప్పెవరిది అన్న ప్రశ్న అందరి ముఖాల్లోనూ ఉంది, అన్ని కళ్ళూ ఆయమ్మల వైపే. నాకు అప్పుడు మా చెల్లెలి కొడుకు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. వాడు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, రెడ్‌మండ్‌లో ఉంటాడు. పక్క ఊరు కర్క్‌లాండ్. 2020 ఫిబ్రవరి చివర అక్కడి లైఫ్ కేర్ సెంటర్ అనే వృద్ధుల హోంలో కోవిడ్ బయటపడింది. మార్చి 18 నాటికి ఆ హోంతో ముడిపడిన కేసులు 167. అక్కడ ఉండేవాళ్ళు 101, సిబ్బంది 50, చూసిపోవడానికి వచ్చినవాళ్ళు 16. 35 మంది చనిపోయారు. ఆ చుట్టుపక్కల హోంలకు అది ఎలా పాకిందని అక్కడి ఆరోగ్యాధికారులు ఆరా తీస్తే తేలిన కారణాల్లో ఇవి ముందున్నాయి: ఒంట్లో బాగాలేకపోయినా పనికి వచ్చిన సిబ్బంది, ఒకటికంటే ఎక్కువ హోంలలో పని చేసే సిబ్బంది. పూర్తి చేతుల జాకెట్టు తొడుక్కున్న మా ఆయమ్మలు నాకు కర్క్‌లాండ్‌లో కనిపించారు. ఆ పదహారు మందిలో నేనూ కనిపించాను.

హోం నడిపేవాళ్ళతో అమ్మల, నాన్నల తరఫున మేం నలుగురైదుగురం కూర్చుని మాట్లాడాం. గొడవ పడ్డాం కూడా. నెలకు మేమిచ్చేది కొంత పెంచాం. రాత్రికి రెండో ఆయమ్మ వచ్చింది. మంచం మంచానికీ రబ్ సీసా వచ్చింది. దురదో జ్వరమో ఉందని చెప్పినవాళ్ళకు ఆ రోజుల జీతం కోయకూడదన్న మాట రాతలోకి ఎక్కించడానికి మూడు నెలలు పట్టింది. ఆ కాగితం ఎక్కిన వారంలోనే ఒక పిల్ల, ఒడిశా నుంచి వచ్చిన కొత్త ఆయమ్మ, "అక్కా, నాకు విరేచనాలు" అని తనంతట తాను వచ్చి చెప్పింది. నాకు ఆ రిజిస్టరు గడులన్నిటికంటే ఆ ఒక్క మాట మీద నమ్మకం. రిజిస్టరు ఇప్పటికీ ఉంది. అందులో ఇప్పుడు ఖాళీ గడులు కనిపిస్తాయి. నాకు అవి చూస్తే ఊరట.

ఇంకొకటి నాకు ఈ మధ్యే తెలిసింది. ఇన్నాళ్ళూ అందరం మా చేతుల గురించే మాట్లాడుకున్నాం, మంచం మీద ఉన్నవాళ్ళ చేతులను మరిచిపోయాం. వాళ్ళు కూడా దుప్పటి పట్టుకుంటారు, డైపరు సర్దుకుంటారు, కళ్ళు నలుపుకుంటారు, అదే చేత్తో బిస్కెట్ తింటారు. బేసిన్ దాకా నడవలేని మనిషి చేతిని ఎవరు కడుగుతారు?

మొన్న ఆదివారం నేను పోయేసరికి ఆయమ్మ చిన్న టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని అమ్మ పక్కన కూర్చుంది. కుడిచెయ్యి కడగడం అయింది. ఎడమచెయ్యి పక్షవాతంతో ముడుచుకుపోయి పిడికిలి బిగిసి ఉంటుంది. దాన్ని బలవంతంగా తెరిస్తే అమ్మ కేక పెడుతుందని నేను ఎప్పుడూ పైపైనే తుడిచి వదిలేసేదాన్ని. లోపల చెమట నిలిచి, గోళ్ళు అరచేతిలోకి దిగి, వాసన వస్తుందని నాకు తెలుసు. తెలిసీ చూడలేదు.

"చేతులు కడుక్కున్నరా?" అంది ఆయమ్మ.

కడుక్కున్నానని రెండు చేతులూ చూపించాను.

"గిట్ల రాండ్రి. మణికట్టు కొంచెం లోపలికి వంచున్రి. ఇగో, గప్పుడు యేళ్ళు వాటంతటవే వదులైతయి. బొటనయేలు పట్టి గుంజొద్దు."

మణికట్టు వంచాను. నిజంగానే వేళ్ళు సడలాయి. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పాను. అరచెయ్యి చిన్నపిల్ల చెయ్యిలా మెత్తగా, తెల్లగా, తడిగా ఉంది. మూడేళ్ళ తర్వాత చూస్తున్నాను ఆ అరచెయ్యిని. ఆయమ్మ సబ్బునీళ్ళతో సందులు తుడిచింది, మంచినీళ్ళు పోసింది. మెత్తటి పాత చీరముక్కతో నేను వేలు వేలు మధ్య తడి ఒత్తాను. మళ్ళీ బిగుసుకోకుండా చిన్న బట్ట చుట్ట అరచేతిలో పెట్టింది ఆయమ్మ.

అమ్మ కేక పెట్టలేదు. నా వైపూ ఆయమ్మ వైపూ చూసి, కుడిచేత్తో ఆయమ్మ చెయ్యి పట్టుకుని, అలాగే ఉంచుకుంది.